తిమ్మక్కకు ఏడుపు రాలేదు

కన్నతల్లి పోయిందని కబురొచ్చినప్పుడు తిమ్మక్క ఒక గనికూలీ తొడకు కట్టు కడుతోంది. "ఎన్ని గంటలకు?" అని మాత్రం అడిగింది, ఎవరో రోగి సంగతి అడిగినట్టు. కట్టు పూర్తిచేసి, ముడి సరిచూసుకుని, పక్క మంచం దగ్గరికి వెళ్లింది. తర్వాత ఊరికి పోయి మట్టి వేసి వచ్చింది. అక్కడా కంట చుక్క నీరు రాలేదు. చుట్టాలు చాటున నోళ్లు నొక్కుకున్నారు.

నాపరాళ్ల గనుల పక్కనే ఓబులమ్మ అవ్వ ఆశ్రమం. తూటా మందు పేలో, రాయి జారో నలిగిపోయినవాళ్లను అక్కడికే మోసుకొచ్చేవారు. అవ్వది ఒకటే నియమం: గాయపడ్డవాడి ముందు ఏడవకూడదు. అక్కడ చేరిన మూడేళ్లలో తిమ్మక్క ఆ మాట జవదాటలేదు. చేతుల్లోనే ప్రాణం పోయినా, పంటి బిగువున మరో గాయం కడిగేది. శిష్యురాలంటే తిమ్మక్కే అని నలుగురూ అంటే లోలోపల మురిసిపోయేది కూడా.

ఇప్పుడు భయమేసింది. బట్టలు మూటగట్టుకుని అవ్వ ముందు నిలబడింది.

"నేను పోతానవ్వా. మా యమ్మ సచ్చిపోయినా ఏడుపు రాల్యా. గుండె రాయైపోయింది. ఇంగ ఈ చేతుల్తో మనుషుల్ని ఎట్లా ముట్టుకునేది?"

అవ్వ లేచింది. నెత్తురు గుడ్డల గంప చంకనెత్తుకుని "రా" అంది.

ఆ గుడ్డలు ఉతకడానికి రోజూ మధ్యాహ్నం అవ్వ ఒక్కతే వంకకు పోయేది. ఎవరినీ వెంట రానిచ్చేది కాదు. ఈ వయసులో ఎంత సేవో అని శిష్యులు చేతులు జోడించేవారు.

వంక ఒడ్డున కూర్చుని అవ్వ ఒక గుడ్డ విప్పింది. "ఇది ఈరన్నది. పొద్దున పోయినాడు" అని గొంతెత్తి ఏడ్చింది. తిమ్మక్క బిత్తరపోయింది. ఆ కళ్లు తడవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

కాసేపటికి అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీ యమ్మ పేరేందే?"

"నరసమ్మ."

"నిన్నేమని పిలుస్తాండె?"

"బుజ్జమ్మా అని."

అవ్వ ఆమె భుజం మీద చెయ్యేసి, చావింట్లో ఆడవాళ్లు ఎత్తుకున్నట్టు శోకం ఎత్తుకుంది.

"ఓ నరసమ్మా! నీ బిడ్డను బుజ్జమ్మా అని ఇంగెవరు పిలుస్తారే తల్లీ!"

ముఖమైనా ఎరగని మనిషి కోసం ఆ ముసలామె గుండెలు బాదుకుంటోంది. ఒకరు శోకం ఎత్తుకుంటే పక్కనున్నవాళ్లు అందుకోవాలి. తిమ్మక్క నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

అవ్వ ఆగలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

పొద్దు వాలుతుండగా తిమ్మక్క అందుకుంది.