ఉగాది నాటి ఐదో గడియ

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే, ఏ రాజ్యమయ్యా అని అడిగేవాళ్ళు ఒకరైనా ఉంటారు. దాచడం దేనికి, గండ్రికోట రాజ్యంలోనే. మా గండ్రికోట వాళ్ళకి గొప్పలెక్కువని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంటారు. ఎక్కువే. ఈ కథ విన్నాక, ఉండకూడదని మీరే చెప్పండి, చూద్దాం.

ఆ రోజుల్లో గోడ గడియారాలు లేవు. కోట గుమ్మం పైన గంటమండపం ఉండేది. అందులో ఒక గంగాళం నిండా నీళ్ళు, ఆ నీళ్ళ మీద ఒక రాగి గిన్నె. గిన్నె అడుగున సన్నని చిల్లి. చిల్లిలోంచి నీళ్ళెక్కి గిన్నె మునిగిందంటే ఒక గడియ గడిచినట్టు. తెల్లవారుతుండగా అరచేతిలో గీతలు కనబడగానే మొదటిసారి గిన్నెను నీళ్ళ మీద పెట్టేవారు. మునిగిన ప్రతిసారీ తీసి మళ్ళీ తేల్చి, ఎన్నో గడియ అయితే జేగంట మీద అన్ని దెబ్బలు కొట్టేవారు. ఆ గంట విని ఊరు పనిలోకి దిగేది, అంగళ్ళు తెరిచేది, పెళ్ళిళ్ళు చేసుకునేది.

ఆ కొలువు సూరప్ప ఇంటివాళ్ళది. ఏడు తరాలుగా వాళ్ళదే. వరదలొచ్చాయి, పగరాజు మూడు నెలలు కోట చుట్టూ దిగాడు, ఏమొచ్చినా ఒక్క గడియ తప్పింది లేదు. ఏదీ, ఇంకే ఊరినైనా చెప్పమనండి అలాగని!

మా రాజు ప్రతాప మార్తాండ భూపతి చెడ్డవాడు కాడు. కాకపోతే తన పేరులో సూర్యుడున్నాడు కాబట్టి పైనున్న సూర్యుడు కూడా తన కొలువులోవాడే అని ఆయనకొక నమ్మకం. ఆ నమ్మకాన్ని బాగా ఎగదోసినవాడు చిత్రభాను శాస్త్రి. ఎక్కడో దేశాలు తిరిగొచ్చి మా ఆస్థానంలో చేరిన పండితుడు.

"ప్రభూ, వేసవిలో పెందలాడే తెల్లవారుతుంది. జనం ఆ వెలుతురంతా నిద్రలో పోగొట్టుకుంటున్నారు. రాత్రి దీపాలు పెట్టుకుని నూనె తగలేస్తున్నారు. ఉగాది నాడు గంటని రెండు గడియలు ముందుకు జరపండి. ఊరంతా ముందే లేస్తుంది. రెండు గడియల పగటి వెలుతురు దాచినట్టవుతుంది. దసరాకి గంటని వెనక్కి జరిపి, దాచిన రెండు గడియలూ జనానికి తిరిగిచ్చేద్దాం" అన్నాడు శాస్త్రి.

వెలుతురు దాచిన రాజు! ఆ మాట చెవిన పడేసరికి రాజుగారి మీసం దానంతటదే లేచింది. ఆ ఏడు ఉగాది నాడే శాసనం అమలు చేశారు.

ఆ వేసవి మేం పడ్డ అవస్థ ఏం చెప్పమంటారు! గంట విని పాలు పితకబోతే ఆవులు చేపలేదు, చుక్క పాలివ్వలేదు. వాటికి శాసనం చదివి వినిపించేవాడెవడు? మంత్రి తిప్పరుసుగారి అమ్మాయి పెళ్ళి మరీ ఘోరం. ముహూర్తం ఎనిమిదో గడియకి. మగపెళ్ళివారు గంట లెక్కన రెండు గడియల ముందే దిగారు. సిద్ధాంతిగారు సూర్యుణ్ణి చూసి ముహూర్తం పెట్టిన మనిషి, ఆయనింకా స్నానానికే లేవలేదు. పందిట్లో పలకరించే దిక్కు లేదని వియ్యాలవారు అలిగి విడిదికి వెళ్ళి తలుపులేసుకున్నారు. అంతటి మంత్రిగారు గడ్డాలు పట్టుకుని బతిమాలి తీసుకొచ్చేసరికి పూలదండలు వాడిపోయాయి. అసలు ముహూర్తం కాస్తా దాటిపోయింది.

అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నవాడు సూరప్ప. రాజాజ్ఞ కాబట్టి కొట్టాడు. దసరా నాడు గంట వెనక్కి జరిపి, ఐదో గంట కొట్టి గిన్నె కూతురికి అప్పగించి, "అమ్మా పేరమ్మా, ఏడు తరాల్లో అబద్ధం కొట్టిన చెయ్యి ఇదొక్కటే" అని తన కుడిచెయ్యి చూపించి, ఇంటికెళ్ళి మంచమెక్కాడు. ఆ చేత్తో మళ్ళీ అన్నం ముట్టలేదు. ఆ రోజునించీ కొలువు పేరమ్మది.

పేరమ్మంటే ఎవరనుకున్నారు! పనిలో తండ్రిని మించింది. మాటలో ఆయన్ని పది ఆమడలు దాటింది. మళ్ళీ ఉగాది నాలుగు రోజుల్లోకి వచ్చేసరికి కొంగు నడుముకి చుట్టి నేరుగా సభకొచ్చి నిలబడింది.

"ఏమిటమ్మాయ్?" అన్నాడు రాజు.

"ప్రభూ, చల్లటి పూట పని చేసుకోవడం మంచిదే. నేనూ ఒప్పుకుంటాను. వేసవిలో రెండు గడియలు ముందు పనికి రమ్మని దండోరా వేయించండి, అందరం వస్తాం. దానికోసం గంట చేత అబద్ధం చెప్పించడం ఎందుకు?"

శాస్త్రి కండువా సర్దుకున్నాడు. "పిచ్చితల్లీ, జనం దండోరా వినరు. గంట అయితే వింటారు."

"ఎందుకు వింటారో తమకి తెలుసా శాస్త్రులుగారూ? అదేనాడూ అబద్ధం చెప్పలేదని వింటారు. ఏడాదికి రెండుసార్లు మాట మారుస్తుంటే ఇంకో మూడేళ్ళకి దాన్నీ వినరు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుకి చుర్రుమంది.

"నేను రోజుకి రెండు గడియల వెలుతురు దాచాను! ఏ రాజైనా చేశాడా ఆ పని?"

"దాచినది చూడాలని నాకూ ఉంది ప్రభూ. పొద్దు ఎప్పుడు పొడవాలో అప్పుడే పొడిచింది, ఎప్పుడు కుంకాలో అప్పుడే కుంకింది. నడుమ పగలు వేలెడైనా పెరగలేదు. జరిగినది మా నిద్రొక్కటే."

రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "చాలించు! నీ కొలువు పోయింది. గిన్నె శాస్త్రిగారి బావమరిదికి అప్పగించి ఊరు వదిలి పో!"

ఏడు తరాల కొలువు ఒక్క మాటతో పోయింది. పేరమ్మ ముఖం పాలిపోయింది, దాచడమెందుకు. కాని కాళ్ళ మీద పడలేదు. తలెత్తి చేతులు జోడించింది.

"చిత్తం ప్రభూ. ఒక్క మనవి. మా ఇంట్లో గిన్నె చేతులు మారేది ఐదో గంట మీదనే. రాత్రి కాపలా ఉన్నవాళ్ళు తెల్లారాక ఐదు గడియలు సరిగ్గా కొట్టి చూపించి, అప్పుడు ఇంకొకరికి అప్పగించి దిగుతారు. మా తాత మా నాన్నకి అలాగే ఇచ్చాడు, మా నాన్న నాకూ అలాగే ఇచ్చాడు. ఉగాది నాటి ఐదో గంట మోగేవరకు గిన్నె నా చేతిలోనే ఉండనివ్వండి. అంతవరకు ఇంకెవరూ ముట్టుకోకూడదు. మోగిన మరుక్షణం అప్పగించి, నిలబడ్డపాటున ఊరు దాటుతాను. ఈ మాట రాయించి ముద్ర వేయించండి."

"ఆ రోజు శాసనం ప్రకారమే కొడతావా?" అన్నాడు శాస్త్రి అనుమానంగా.

"మీరెలా కొట్టమంటే అలాగే కొడతాను."

"అయితే విను. మొదటి మూడు గడియలూ మామూలే. నాలుగోసారి గిన్నె మునిగినప్పుడు నాలుగూ ఐదూ వదిలేసి, ఆరు కొట్టాలి. గంట రెండు గడియలు ముందుకి జరగడమంటే అదే."

"అలాగే. ఒక్క దెబ్బ తేడా రాదు" అంది పేరమ్మ.

పొగరుబోతు దారికొచ్చిందని రాజు సంబరపడిపోయాడు. "రాయి తిప్పరుసూ!" అన్నాడు. మంత్రి తిప్పరుసు రాస్తూ రాస్తూ సగంలో గంటం ఆపి పేరమ్మ వైపు చూశాడు. ఏదో అనబోయాడు. కూతురి పెళ్ళి గుర్తొచ్చినట్టుంది, నోరు మూసుకుని మిగతాది ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ముద్ర వేశాడు.

ఉగాది వచ్చింది. పంచాంగ శ్రవణం ఆ ఏడు గంటమండపం ముందే పెట్టించాడు రాజు, తన ఘనకార్యం అందరూ కళ్ళారా చూడాలని. ఊరు ఊరంతా చేరింది. ఉగాది పచ్చడి పంచుతున్నారు. మండపంలో పేరమ్మ గంగాళం పక్కన కొత్త చీర కట్టుకుని కూర్చుంది. రాతిమెట్టు కింద శాస్త్రిగారి బావమరిది పట్టుబట్టలతో, చేతులు చాచడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఒకటి మోగింది. రెండు. మూడు. నాలుగోసారి గిన్నె బుడుంగున మునిగింది. పేరమ్మ దాన్ని తీసి మళ్ళీ నీళ్ళ మీద తేల్చి, సుత్తి ఎత్తి లెక్కగా ఆరు దెబ్బలు కొట్టింది. బూరలూదారు. శాస్త్రి, "జయ విజయీభవ!" అన్నాడు.

బావమరిది గబగబా మెట్లెక్కి, "ఇలా తే అమ్మా" అన్నాడు.

"ఏమిటి తెచ్చేది?"

"గిన్నె!"

"ఐదో గంట మోగిందా అన్నా? నేనైతే వినలేదు. నువ్వు విన్నావా?" అంది పేరమ్మ నెమ్మదిగా.

అతను కిందనున్న బావగారి వైపు చూశాడు. జనంలో ముందు వరసలో ఒక నవ్వు పుట్టి వెనక్కి పాకింది. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. మంత్రి మాత్రం చాలా శ్రద్ధగా పచ్చడిలో వేపపువ్వు వెతుక్కుంటున్నాడు.

"ఇదేం తిరకాసు! ఆరు అయిందంటే ఐదు దాటిపోయినట్టు కాదూ?" అని అరిచాడు శాస్త్రి.

"దాటిపోయిందా? దాచిపెట్టామన్నారు గదండీ! దసరాకి తిరిగిస్తామన్నారు. మీరు దాచుకున్నదాన్ని గడిచిపోయిందంటే ఎలా ఒప్పుకునేది? పైగా ముద్రలో 'మోగేవరకు' అనుంది."

"అయితే దసరాకి మోగుతుంది, అప్పుడు దిగు!"

"అది దసరా నాటి ఐదో గంట. నాది ఉగాదిది. మంత్రిగారూ, ఒకసారి చదివి వినిపిస్తారా?"

మంత్రి లేచి, గొంతు సవరించుకుని, అవసరమైనదానికంటే రెండింతలు గట్టిగా చదివాడు. జనం ఈలలు వేశారు.

రాజు ముఖం కందగడ్డయింది. "అయితే ఆ ఐదూ ఇప్పుడే కొట్టి తగలడు!"

"తప్పకుండా కొడతాను ప్రభూ" అంది పేరమ్మ. గొంతులో వేళాకోళం పోయింది. "అదిగో, గిన్నె మునుగుతోంది. తెల్లారాక ఇది ఐదోసారి మునగడం. ఇది మునిగితే నేను ఏదో ఒకటి కొట్టాలి. ఏడు కొట్టమంటే తమ శాసనం నిలుస్తుంది. ఐదో గంట ఇక మోగదు కాబట్టి నా కొలువూ నిలుస్తుంది, బతికినన్నాళ్ళూ తమ జీతం తింటూ అబద్ధం కొడతాను. ఐదు కొట్టమంటే గంట నిజానికి వస్తుంది, శాసనం పోతుంది. నేనూ పోతాను, గిన్నె ఇచ్చేసి ఈ కట్టుబట్టతో ఊరు దాటతాను. ఎందుకైనా మంచిది, నా మనసులో మాట కూడా చెప్తున్నాను. ఐదు కొట్టమనండి ప్రభూ. నేను పోయినా ఫరవాలేదు. మా నాన్న మళ్ళీ ఆ చేత్తో అన్నం తినాలి."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. గిన్నెలో సగం పైగా నీళ్ళెక్కాయి. రాజు గిన్నె వైపు చూశాడు, పేరమ్మ వైపు చూశాడు. ఇంతకాలం కొలువు కోసం దేబిరించినవాళ్ళని చూశాడు గాని, కొలువు తీసేయమని బతిమాలేవాళ్ళని ఆయన చూడలేదు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి.

"ఐదు కొట్టు" అన్నాడు రాజు.

గిన్నె మునిగింది. పేరమ్మ కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు! అబ్బ, ఆ రోజు మోగినట్టు ఆ గంట మళ్ళీ మోగలేదంటారు మా పెద్దవాళ్ళు. ఇంట్లో మంచం మీదున్న సూరప్ప వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, లేచి కూర్చుని, "అది నా కూతురు!" అని వీధిలోకి వినబడేలా అరిచాడు. మేం ఇప్పటికీ అలాగే అంటాం, మా ఊరి కూతురు అని.

పేరమ్మ తడి గిన్నె తీసుకుని గబగబా మెట్లు దిగి రాజు చేతిలో పెట్టింది. "సెలవు ప్రభూ. త్వరగా ఎవరికైనా ఇచ్చి తేల్చమనండి, ఆరో గడియ నడిచిపోతోంది!" అని కళ్ళొత్తుకుంటూ కోటగుమ్మం వైపు తిరిగింది.

రాజు ఆ గిన్నె పట్టుకుని, ఏమనుకున్నాడో, పగలబడి నవ్వాడు. బొజ్జ కదిలేలా, కిరీటం పక్కకి ఒరిగేలా నవ్వాడు.

"ఎక్కడికి పోతావు? ఉగాది నాటి ఐదో గంట వరకు గిన్నె నీదని రాశాను. అది మోగింది, నీ గడువు తీరింది. ఇప్పుడు గిన్నె నాది. నాదైనదాన్ని నాకిష్టమైనవాళ్ళకి ఇస్తాను. ఇదిగో పట్టు, పరుగెత్తు!"

పేరమ్మ పరుగెత్తింది. గిన్నె నీళ్ళ మీద తేలేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టింది.

"దండోరా వేయించు తిప్పరుసూ. ఎండాకాలం పనులన్నీ రెండు గడియలు ముందు మొదలుపెట్టాలి. గంట జోలికి మాత్రం, నాతో సహా, ఎవరూ వెళ్ళకూడదు" అన్నాడు రాజు. శాస్త్రి గొంతు తడుపుకుందామని పచ్చడి నోట్లో వేసుకుంటే ఆయనకి వేపపువ్వే వచ్చింది, పాపం.

ఆరో గడియ నిండబోతుండగా రాజు మండపంలోకి ఎక్కి ఆ పాత రాగి గిన్నెను వంగి చూశాడు. "పేరమ్మా, ఇంత మాట నిలబెట్టిన గిన్నె రాగిదేమిటి? ఇదే కొలతకి, ఇదే మందానికి బంగారంతో చేయిస్తాను."

పేరమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అమ్మమ్మా, వద్దు ప్రభూ! బంగారం బరువు. గిన్నె ముందే మునుగుతుంది. మళ్ళీ గడియలు ముందుకి జరుగుతాయి!"

రాజు మళ్ళీ నవ్వి, ఆ నవ్వుతోనే తన చేతి కంకణం తీసి, "అయితే ఇది గంట కొట్టే చేతికి" అని తొడిగాడు.

అంతలో గిన్నె మునిగింది. పేరమ్మ ఆ చెయ్యెత్తి, సరిగ్గా ఆరు కొట్టింది.