అమ్మవారి ఎడమ పాదం

"పని వచ్చినవాళ్లకు పుస్తకం దేనికి, అయ్యవారూ?" అని మునిలక్ష్మి ఒకనాడు అడిగేసింది. అడగక ఏం చేస్తుంది పాపం! స్వర్ణముఖి ఒడ్డున కలంకారీ నేర్పే చెంగల్రాయుడుగారికి ఒక అలవాటుంది. పొద్దువాలి కలాలు కడిగాక, అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసి, ఆ రోజు ఏ గుడ్డ మీద పని ఎంతవరకు వచ్చిందో, రేపు ఎక్కడ అందుకోవాలో నాలుగు ముక్కలు రాసుకుంటారు. నలభై ఏళ్లుగా అంతే. శిష్యులూ రాయాలి, రాయనిదే ఇంటికి కదలడానికి వీల్లేదు. మునిలక్ష్మికేమో ఒకసారి చూసిన గీత జన్మలో మరుపు రాదు. అంత జ్ఞాపకం పెట్టుకుని మళ్లీ కాగితం మీద గిలకడం ఆమెకు నామోషీగా ఉండేది.

అయ్యవారు వాదించలేదు. "సరేలే పాపా, ఈ తెరకు నువ్వు రాయొద్దు" అన్నారు.

ఆ తెర అంటే మాటలు కాదు. తిరునాళ్లలో అమ్మవారి ముందు కట్టేది. మొదటి గీత నుంచి చివరి రంగు దాకా మునిలక్ష్మి ఒక్కతే చేయమని ఇచ్చిన మొట్టమొదటి గుడ్డ కూడా అదే. కుదిరితే ఆమెకు సొంత బల్ల వేస్తారు. కుదరకపోతే ఇంకో ఏడాది ఏట్లో దిగి ఇంకొకరి గుడ్డలు జాడించాలి. ఆ బల్ల కోసం ఆమె మూడేళ్లుగా కాచుకుని ఉంది.

ఎరుపు రావలసిన చోటల్లా ముందు పటికనీళ్లు పూయాలి. పటికతో వచ్చిన చిక్కేమిటంటే, ఆరాక అది కంటికి కనబడదు. పూసిన చోటూ పూయని చోటూ ఒక్కలాగే ఉంటాయి. గుడ్డను ఏట్లో జాడించి, ఎర్రరంగునిచ్చే చెట్టువేళ్ల కషాయంలో ఉడికిస్తేనే పూసిన చోట ఎరుపు తేలుతుంది.

ఆ మధ్యాహ్నం గాలి కదలడం లేదు. పాలూ కరక్కాయా పట్టించిన గుడ్డ మీద నుంచి కమ్మటి వాసన వస్తోంది. మునిలక్ష్మి అమ్మవారి కుడి పాదానికి పారాణి దిద్దినట్టు పటిక పూసింది. తర్వాత ఎడమ పాదం. చుక్క తగలగానే చిటికెన వేలు కాస్త ముడుచుకుంది. "చల్లగా ఉందే!" అని ఎవరో నవ్వారు. పాదం కింద తడి ఇసుక, ఇసుక కింద ఎక్కడో ఏరు పారుతున్న చప్పుడు. మునిలక్ష్మి తొందరపడలేదు. వేలు వేలుకీ పూసి, మడమ చుట్టూ మెల్లగా కలం తిప్పింది. ఇంత హాయిగా తన చేతికి పని ఎప్పుడూ సాగలేదనుకుంది. ఆ తర్వాత తల ఎత్తి చీర అంచు అందుకుంది.

గుడ్డ ఉడికించే రోజు తెర కోసం గుడి ధర్మకర్త కూడా వచ్చి కూర్చున్నాడు. రాగి గంగాళంలో ఎరుపు ఒక్కొక్కటే తేలింది. మొదట పెదవులు, తర్వాత చీర అంచు, ఆ తర్వాత కుడి పాదం. ఎడమ పాదం మాత్రం తెల్లగానే ఉండిపోయింది. మునిలక్ష్మి కర్రతో కలియబెట్టింది, మంట ఎగదోసింది, ఇంకో గుప్పెడు చెట్టువేళ్లు వేసింది. పాదం అట్లాగే ఉంది.

"పూసినాను అయ్యవారూ! అమ్మతోడు, రెండు పాదాలకీ పూసినాను. వేలు వేలూ నాకు జ్ఞాపకం!"

"పూసే ఉంటావు" అన్నారాయన, ఒట్టు నమ్మినట్టే. "ఏ గుడ్డ మీద పూసినావో!"

ఇంకో ఒట్టు వేయబోయి మునిలక్ష్మి ఆగిపోయింది. గుడ్డ మీది వేలు ముడుచుకోవడమేమిటి? నవ్విందెవరు? పటిక పూసిన నాటి సాయంత్రం చెంప మీద బల్ల అంచు అచ్చు ఎట్లా పడిందని అమ్మ అడిగితే, తనకే తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. కుడి పాదం కాగానే కునుకు పట్టింది, రెండో పాదానికి కలలో పూసింది. మెలకువ వచ్చి, అయిపోయిందనుకుని ముందుకు పోయింది. ధర్మకర్త ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా వలవల ఏడ్చింది.

"నాలుగు రోజులు ఆగండి, ఇంకోసారి పటిక పూసి ఉడికించాలి" అని అయ్యవారు ధర్మకర్తతో చెప్పారు. ధర్మకర్త సణుక్కుంటూ వెళ్లిపోయాడు. సొంత బల్ల మాట వచ్చే తిరునాళ్ల నాటికి చూద్దామని అయ్యవారు మునిలక్ష్మితో చెప్పారు.

పొద్దువాలాక, ఎవరూ చెప్పకుండానే, ఒక కొత్త నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఎంతసేపటికీ పెన్ను కదలలేదు.

"అన్నీ జ్ఞాపకమే ఉన్నాయి అయ్యవారూ. ఏది చేసిందో, ఏది చేసినాననుకున్నదో తెలియడం లేదు. ఏం రాసేది?"

అయ్యవారు తన పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఎంతవరకు మేలుకుని ఉన్నావో, అంతవరకే రాయి తల్లీ" అన్నారు.