అలిసిన చెయ్యి

అనగా అనగా, రాణిగారి బొమ్మున్న రూపాయి చెల్లే కాలంలో, వానలెరగని మన సీమలో ఒక పిల్లల జైలు ఉండేది. నేను చూడలేదు. మా అవ్వా చూడలేదు. అయినా ఈ కథ చెప్పేటప్పుడల్లా ఆమె గొంతు నీరసించేది, నాకూ అంతే. కూర్చోండి, మెల్లగా చెబుతాను.

ఆ జైల్లో నలభై మంది పిల్లలు. ఒకడు మేకను తోలుకుపోయాడు. ఒకడు సంతలో బెల్లం ఎత్తుకుపోయాడు. సుంకడనే పిల్లోడైతే కరువులో పరాయి చేలో నాలుగు జొన్న కంకులు విరిచాడు. తొమ్మిదేళ్లవాడికి అయిదేళ్ల శిక్ష! ఆ కంకుల్లో గింజలున్నాయా అని ఏ దొరా అడగలేదు.

పిల్లల్ని బాగుచేస్తామని మగ్గాలు పెట్టారు. తెల్లారితే నేత, పొద్దుగూకేదాకా నేత. నేర్పేవాడు ఈరన్న తాత, కూటి కోసం బయటినుంచి వచ్చే ముసలి నేతగాడు.

దుప్పట్లో పోగు తప్పకూడదు. ఒకసారి తప్పితే ఆ పూట కూడు లేదు. రెండోసారి బెత్తం. మూడోసారి పెద్దల జైలు. అక్కడికి పోయిన పిల్లల్లో ఒక్కడూ తిరిగి రాలేదు.

సుంకడి కాళ్లు మగ్గం తొక్కుడు కర్రలకు సరిగ్గా అందవు. పోగు తప్పక ఏమవుతుంది?

శనివారం జైలు దొర సుంకడి దుప్పటి ఎత్తి వెలుతురులో చూశాడు. "ఎవడి పని ఇది?" అన్నాడు.

తాత లేచాడు.

"నాదే దొరా. పిల్లోడు నీళ్లకు పోతే నేను కూసుంటి. అలిసిన చెయ్యి, తప్పింది."

తాతకు ఆ పూట కూడు లేదు.

రెండో శనివారమూ అంతే. "నాదే దొరా. అలిసిన చెయ్యి, తప్పింది." బెత్తం ఆ ముసలి అరచేతుల మీద పడింది. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఎందుకు తాతా అట్ల చెప్తివి?" అని సుంకడు ఏడ్చాడు.

"నీ కాళ్లు పొడుగయ్యేదాకా నా చెయ్యి అలుస్తానే ఉంటాదిలేరా," అన్నాడు తాత.

మూడో శనివారం మళ్లీ తప్పింది. తాత మళ్లీ అదే మాట అన్నాడు. పని రాని ముసలివాడు తనకెందుకని దొర బయటికి పొమ్మన్నాడు. మండుటెండల కాలం. తాత తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "సుంకా, ఎడమ కాలు నిదానంగా తొక్కు నాయనా," అని వెళ్లిపోయాడు.

మూడు రోజులకు ఒక బండివాడు కబురు తెచ్చాడు. తాత దారిలో తుమ్మచెట్టు కింద కూర్చున్నాడట, మళ్లీ లేవలేదట. ఆ పూట నలభై మందిలో ఒక్కడూ సంగటి ముట్టలేదు.

మళ్లీ శనివారం వచ్చింది. మొదటి దుప్పట్లో పోగు తప్పింది. రెండోదాంట్లో తప్పింది. నలభయ్యో దుప్పట్లోనూ తప్పింది.

"ఎవడి పని?"

సుంకడు లేచాడు. "నాదే దొరా. అలిసిన చెయ్యి, తప్పింది."

పక్కవాడు లేచాడు. వాడూ అదే మాట. చివరికి నలభై మందీ నిలబడి అదే మాట అన్నారు.

దొర కుర్చీలో కూలబడ్డాడు. ఇది పొరపాటు కాదు, తిరుగుబాటని అందరినీ పెద్దల జైలుకు పంపితే దుప్పట్లు ఎవరు నేస్తారు? ఎవరినీ పంపలేదు. ఆ తర్వాతా పంపలేదు. గెలిచామని పిల్లలెవరూ గంతులు వెయ్యలేదు, అంత ఓపిక ఎవరికుంది?

సుంకడు శిక్ష తీరాక ఊరు చేరి మగ్గం పెట్టుకున్నాడు. ఆ జైలు ఇప్పుడు లేదు. కానీ మా వైపు దుప్పటి నేసేవాళ్లు చివర్లో ఒక పోగు కావాలనే వదిలేస్తారు. కొనేవాళ్లు అంచు తడిమి, "ఈరన్న పోగు ఏదప్పా?" అని అడుగుతారు.

ఇళ్లలోనూ అంతే. పిల్లదాని చేతిలోంచి నీళ్ల బిందె జారుతుంది. తల్లి కొట్టబోతుంది. మూలన కూర్చున్న ముసలామె, "అలిసిన చెయ్యి, తప్పింది," అంటుంది.

ఎత్తిన చెయ్యి కిందికి దిగుతుంది.