పైడమ్మ పెట్టిన ఎర్ర గుర్తులు

విశాఖపట్నంలో సముద్రపు గాలి నేరుగా కిటికీల్లోకి కొట్టే ఒక మందుల పరిశోధనశాలలో భుజంగరావు అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. పనిలో ఘటికుడే గాని, చెడిపోయిన ప్రయోగాన్ని పుస్తకంలోకి ఎక్కించడమంటే ఆయనకు సుతరామూ ఇష్టం ఉండేది కాదు.

ఏ రోజు ఏం కలిపారో, ఎంత వేడి చేశారో, చివరికి ఏం వచ్చిందో రాయడానికి ప్రతి పరిశోధనశాలలోనూ ఒక నోటుపుస్తకం ఉంటుంది. భుజంగరావు పుస్తకం చూడముచ్చటగా ఉండేది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ప్రతి ప్రయోగం చివరా 'తెల్లని స్ఫటికాలు వచ్చాయి' అని ఉండేది. పంచదార పలుకుల్లాంటి ఆ స్ఫటికాలే మందు. వాటిని పొడి చేసి మాత్రలు కట్టేవారు.

స్ఫటికాలు రాని రోజులు కూడా ఉండేవి. ఆ రోజు ఫ్లాస్కు అడుగున ముదురుపాకం లాంటి జిగురు మిగిలేది. అది దేనికీ పనికిరాదు. భుజంగరావు దాన్ని ఒకసారి చూసి, మొహం చిట్లించి, కడగడానికి పంపేసేవాడు. ఆ రోజు పుస్తకం తెరిచేవాడు కాదు.

ఆయన దగ్గర తబిత అనే అమ్మాయి పనిచేసేది. ఎం.ఎస్సీ. ముగించి చేరి రెండేళ్ళయింది. ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"సార్, ఇవాళ్టిది కూడా రాయొద్దా? జిగురు వచ్చిందని?"

"మీ అమ్మ పులుసు మాడ్చేసిన రోజు డైరీలో రాసుకుంటుందా?"

"రాసుకోదు సార్. నాన్నే ఏడాదిపాటు గుర్తు చేస్తారు."

భుజంగరావుకు నవ్వొచ్చింది గాని మాట మారలేదు. "జిగురు వచ్చిందంటే చెయ్యి కుదరలేదని అర్థం తబితా. రేపు మళ్ళీ చేద్దాం. కుదిరినదాన్ని రాద్దాం" అన్నాడు.

ఆ మందు, పిల్లల కండరాలు క్రమంగా సడలిపోయే ఒక అరుదైన జబ్బుకు. ఊళ్ళోని ఒక ఆసుపత్రిలో పధ్నాలుగు మంది పిల్లలకు, తల్లిదండ్రుల అనుమతితో, ఆగస్టు నుంచి ఇచ్చి చూస్తున్నారు. వాళ్ళలో ఏడేళ్ళ పాప ఒకతె మంచం మీంచి లేవలేని స్థితిలో వచ్చింది. అక్టోబరు మొదటి వారంలో ఆ పాప గోడ పట్టుకుని వరండా చివరిదాకా నడిచింది. ఆసుపత్రి డాక్టర్ కాత్యాయని ఈ సంగతి ఫోన్లో చెప్పింది. భుజంగరావు వెంటనే తబితను పిలిచి ఆ సంగతి చెప్పాడు.

అదే నెలలో పరిశోధనశాల కొండకవతల కట్టిన కొత్త భవనంలోకి మారింది. ఈ మందు తయారీలో మొదటి దశలకు చుక్క నీరు తగిలినా సరుకు పాడవుతుంది. అందుకని భుజంగరావే పట్టుబట్టి, గాలిలోని తేమను లాగేసే యంత్రాలు గదిగదికీ పెట్టించాడు. తెరుచుకునే కిటికీ ఒక్కటీ ఉంచనివ్వలేదు. "నీరు మన శత్రువు. ఇక్కడ దానికి చోటు లేదు" అని మొదటిరోజే అందరికీ చెప్పాడు.

రెండో విడత మాత్రలకు కావలసిన మందు ఆ గదుల్లో చేయాలి. మొదటిరోజు జిగురు వచ్చింది. రెండోరోజూ జిగురే. మూడోరోజు పాత స్ఫటికాలు చిటికెడు తెచ్చి విత్తనంలా వేశారు. అవి కూడా జిగురులో కరిగిపోయాయి. వేడి తగ్గించి చూశారు, పెంచి చూశారు. ద్రావకం సీసాలు కొత్తవి తెప్పించారు. తొమ్మిది రోజులు గడిచాయి. తొమ్మిది రోజులూ జిగురే.

పదోరోజు పొద్దున్నే కాత్యాయని ఫోన్ చేసింది.

"భుజంగరావుగారూ, నా దగ్గర ఇరవై రెండు రోజులకే మాత్రలున్నాయి. మధ్యలో ఆగితే పిల్లలకు వచ్చిన బలం జారిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టినా వస్తుందో రాదో నేను చెప్పలేను. తల్లులు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"పంపిస్తామని చెప్పండి" అన్నాడు భుజంగరావు.

నోటుపుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివాడు. జనవరి నుంచి సెప్టెంబరు వరకు నూట ముప్పై ఒక్క ప్రయోగాలు. అన్నిటి చివరా తెల్లని స్ఫటికాలు. ఎలా చేస్తే వస్తాయో నూట ముప్పై ఒక్క చోట్ల ఉంది. ఎప్పుడు రాలేదో ఒక్క చోట కూడా లేదు.

"అక్కడున్నప్పుడు మనకు జిగురు ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? ఓ ఐదారు సార్లా?" అని తబితను అడిగాడు.

"ఇంకా ఎక్కువే సార్."

"ఎన్ని? ఏ రోజుల్లో?"

"రాయలేదు కదా సార్" అంది తబిత మెల్లగా.

మనిషి తన తప్పు దగ్గరకు వచ్చినట్టే వచ్చి, చివరి నిమిషంలో పక్కకు తిరగడం మామూలే. భుజంగరావు కూడా తిరిగాడు. గాజుసామాను సరిగా కడగడం లేదేమోనని అనుమానం వచ్చింది. వెనకవైపున్న కడిగే గదికి విసవిసా నడిచాడు. పాత చోట గాని ఇక్కడ గాని, పన్నెండేళ్ళ ఉద్యోగంలో కడిగే గదిలోకి ఆయన వెళ్ళడం అదే మొదటిసారి.

అక్కడ పైడమ్మ ఉంది. పాత చోట కూడా గాజుసామాను కడిగింది ఆవిడే. యాభై ఏళ్ళు దాటిన మనిషి. ఫ్లాస్కు మెడలోకి బ్రష్షు దోపి తిప్పుతోంది.

"పైడమ్మా, నీ కడుగుడులోనే ఏదో తేడా ఉంది. ఫ్లాస్కుల్లో సబ్బు మిగిలిపోతోంది. అందుకే మాకు మందు రావడం లేదు."

పైడమ్మ ఫ్లాస్కును జాగ్రత్తగా కింద పెట్టింది.

"నా కడుగుడికేటొచ్చింది బాబూ? మీరంపిన జిగురు నాను కడిగినాను గానీ, నాను కడిగినందుకు జిగురు రానేదు. పాత కాడా ఈ సేతులే, ఈ సబ్బే. అక్కడొచ్చింది కదా మందు!"

అప్పుడు భుజంగరావు ఆ చేతులు చూశాడు. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా చిట్లి ఉంది. రెండు గోళ్ళ చుట్టూ పొట్టు లేచింది.

"ఏమిటిది? గ్లౌజులు వేసుకోవా?"

"వేసుకుంటే పట్టు దొరకదు బాబూ. ఫ్లాస్కు జారిపోద్ది. పగిలితే మీరూరుకుంటారేటి? మామూలు ఫ్లాస్కులకి మంచినీళ్ళు సాలు. మీ జిగురొగ్గదు, అంటుకునుండిపోద్ది. దానికి ఆ కాస్టిక్కు సోడా నీళ్ళే పొయ్యాల. పోసిన రోజు సేతులు భగ్గుమంటాయి."

"ఎప్పటి నుంచి?"

పైడమ్మ తలుపు వెనక మేకుకు తగిలించిన క్యాలెండరు తీసింది. నూనెకొట్టు వాళ్ళు ఊరికే ఇచ్చిన క్యాలెండరది. "పెద్దాసుపత్రిలో సర్మం డాక్టరమ్మ సెప్పింది. సేతులు మండిన రోజల్లా ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టి తెమ్మంది. సంకురాత్రి ముందు నుంచీ పెడతన్నాను. సూడండి" అంది.

భుజంగరావు అక్కడే నిలబడి క్యాలెండరు తిప్పాడు. జనవరిలో ఐదు గుర్తులు. ఫిబ్రవరిలో నాలుగు. మే నెలలో తొమ్మిది. సెప్టెంబరు చివరిదాకా లెక్కపెట్టాడు. నలభై ఏడు. ఇక అక్టోబరులో కొత్త భవనానికి వచ్చిన దగ్గర్నుంచి వరసగా తొమ్మిది.

ఐదారు అనుకున్నవి నలభై ఏడు. తను పుస్తకంలో పెట్టని ప్రతి రోజూ ఈవిడ చేతుల మీద పడింది. నలభై ఏడు సార్లు జరిగినదాన్ని తన చెయ్యి కుదరకపోవడం అనుకోవడానికి వీల్లేదు. ఏదో కారణం ఉండాలి.

గొంతు తగ్గించి అడిగాడు. "పైడమ్మా, ఈ ఎర్ర గుర్తులు పెట్టిన రోజుల్లో పాత చోట ఇంకేమైనా వేరేగా ఉండేదా? నీకేమైనా గుర్తుందా?"

"గుర్తునేకేటి? ఏసీ యేసిన రోజులు కావేటి అవి!"

"ఏసీయా? నీకెలా తెలుసు? నువ్వు లోపలికి రావు కదా."

"నాను రాకపోతే ఏటి, ఏసీ నీళ్ళు నా కాడికే వచ్చీవి. గొట్టంలోంచి నా కిటికీ కింద బక్కెట్లో పడీవి. ఆ నీళ్ళతోనే నేల తుడిసీదాన్ని. బక్కెట్టు నిండిందంటే సాయంత్రానికి జిగురు ఫ్లాస్కు దిగిపోద్ది. బక్కెట్టు ఖాళీగా ఉందా, ఆ రోజు నా సేతులు సుఖం. ఇక్కడైతే అడక్కండి, గొట్టంలోంచి రోజుకి రెండు బక్కెట్లు."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవులడిగినారు బాబూ?"

భుజంగరావు క్యాలెండరును మళ్ళీ జనవరి దాకా వెనక్కి తిప్పాడు.

పాత భవనంలో ఏసీ మోత పడక ఆయన సాధారణంగా దాన్ని ఆపించి కిటికీలు తెరిపించేవాడు; మొదటి దశలు గాలి తగలని మూసిన పాత్రల్లో సాగేవి, చివరి దశ ఒక్కటే తెరిచిన ఫ్లాస్కులో. అతిథులు వచ్చినప్పుడో, ఎండ మరీ మండినప్పుడో మాత్రం వేయక తప్పేది కాదు. అయితే ఆ బక్కెట్లో పడినవి ఏ నీళ్ళు? గదిలోని గాలిలోంచి తీసినవి. బక్కెట్టు నిండిన రోజు గాలి పొడిబారింది, జిగురు వచ్చింది. కిటికీ తెరిచిన రోజు సముద్రపు తేమ ఫ్లాస్కులోకి దిగింది, స్ఫటికాలు వచ్చాయి. మొదటి దశల్లో మందును పాడుచేసే నీరే చివరి దశలో కావాలి.

ఇంకొకటి గుర్తొచ్చింది. పాత స్ఫటికాలను యంత్రంలో పెట్టి చూసినప్పుడల్లా వందకు నాలుగు పాళ్ళు నీరు ఉన్నట్టు తేలేది. ఆయన దాని పక్కన 'ఆరబెట్టడం చాలలేదు' అని రాసేవాడు. ఆరక మిగిలిన తడి అయితే ఒకసారి రెండు, ఒకసారి ఆరు ఉండాలి. ప్రతిసారీ నాలుగే ఉందంటే ఆ నీరు స్ఫటికం కట్టుబడిలోనే ఉంది. అది లేకుండా కణాలు వరసలో నిలబడలేవు.

క్యాలెండరు పైడమ్మకు తిరిగి ఇచ్చి, "నేను అన్నమాట తప్పు పైడమ్మా. మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఆవిడ సమాధానం చెప్పేలోపే పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళాడు.

"తబితా, శుద్ధిచేసిన నీళ్ళు తీసుకురా. ఈ ఫ్లాస్కులో పది చుక్కలు వెయ్యి."

తబిత తెల్లబోయింది. "నీళ్ళా సార్? శత్రువన్నారు కదా!"

"అన్నాను. పొరపాటు. వెయ్యమ్మా."

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. తబిత పది చుక్కలు లెక్కపెట్టి వేసింది. గంటసేపు ఏమీ కాలేదు. టీ వచ్చింది, చల్లారింది. మూడున్నరకు ఫ్లాస్కు గోడ మీద ఊపిరి తగిలిన అద్దంలా చిన్న మసక కనిపించింది. నాలుగుకు ఆ మసకలో ఒక మెరుపు. ఆ తర్వాత ఎవరో పైనుంచి పంచదార చల్లినట్టు అడుగంతా తెల్లబడింది.

"సార్, వచ్చేశాయి! వచ్చేశాయి సార్!" అని తబిత కేక పెట్టింది.

భుజంగరావు స్టూలు మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. కేక విని పైడమ్మ తలుపు దగ్గరకు వచ్చి తొంగిచూసింది.

"ఇయాల నాకు సోడా నీళ్ళు తప్పినట్టేనా బాబూ?"

"తప్పినట్టే పైడమ్మా" అన్నాడు.

తర్వాత మూడుసార్లు నీళ్ళతో చేశారు; మూడుసార్లూ స్ఫటికాలు వచ్చాయి. తబిత పట్టుబట్టి ఒకసారి నీళ్ళు లేకుండా చేసింది, జిగురు వచ్చింది. ఈసారి దాన్ని చూసి ఆయన మొహం చిట్లించలేదు. పాత స్ఫటికాలకూ కొత్తవాటికీ తేడా లేదని పరీక్షల్లో తేలాక మాత్రలు కట్టించారు. అవి ఆసుపత్రికి చేరేసరికి పాతవి ఇంకా నాలుగు రోజులకు సరిపడా మిగిలే ఉన్నాయి. పధ్నాలుగు మందిలో ఏ ఒక్కరికీ ఒక్క మాత్ర కూడా తప్పలేదు.

"తల్లులకు చెప్పేశాను. ఆ పాప ఇప్పుడు వరండాలో గోడ వదిలేసి నడుస్తానని పేచీ పెడుతోంది. పెట్టనివ్వండి, వినడానికి బాగుంది" అంది కాత్యాయని ఫోన్లో.

ఆ రోజు భుజంగరావు పైడమ్మ దగ్గర క్యాలెండరు అడిగి తెచ్చుకున్నాడు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, ఒక్కొక్క తేదీ వేసి, 'జిగురు వచ్చింది. ఆ రోజు రాయలేదు. ఆధారం: పైడమ్మ క్యాలెండరు' అని రాశాడు. నలభై ఏడు తేదీలు, ఆ తర్వాత తొమ్మిది. మందు పరీక్షలను పర్యవేక్షించే సంఘానికి జరిగినదంతా దాచకుండా ఉత్తరం పంపాడు. చివాట్లు తప్పవనుకున్నాడు. సంఘం పెద్ద ఫోన్ చేసి, "అప్పుడే రాసి ఉంటే ఈ పది రోజులు మీకు మిగిలేవి కదండీ" అని మాత్రం అన్నాడు. భుజంగరావు "నిజమేనండీ" అన్నాడు. అన్నాక మనసు తేలికపడింది.

డిసెంబరులో పైడమ్మ క్యాలెండరు పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చింది. మర్నాడు చేతులు చాపి భుజంగరావుకు చూపించింది. చిట్లిన చోట కొత్త చర్మం పట్టింది.

"ఈ నెల ఒక్క ఇంటూ నేదేటని డాక్టరమ్మ అడిగింది బాబూ. ఆ రాసీ పని ఇప్పుడు మా బాబుకి ఒప్పజెప్పీసినానమ్మా అన్నాను."

భుజంగరావు గట్టిగా నవ్వాడు. బల్ల మీద ఆయన పుస్తకం తెరిచే ఉంది. అందులో ఇప్పుడు కొట్టివేతలూ ఉన్నాయి, జిగురు మరకలూ ఉన్నాయి.

నీతి: మనం రాయకుండా దాచిన తప్పు మరొకరి చేతులకు గాయమవుతుంది; అదే తప్పును ఒప్పుకుని రాసిపెడితే అందరికీ దారి చూపుతుంది.