గులాబీ పువ్వుకు ముక్కు

తోలుబొమ్మలు ఆడించే రాణోజప్ప దగ్గర లవకుమార్ అనే శిష్యుడు ఉండేవాడు. ఖంగుమనే గొంతు, చురుకైన చెయ్యి. ఆ మేళంలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ రావణాసురుడిది. నిలబెడితే మనిషెత్తు, రెండు చేతులూ పెడితే గానీ లేవదు. గురువుకు కుడి భుజం పట్టేసిన తర్వాత దాన్ని ఎత్తగలిగినవాడు లవకుమార్ ఒక్కడే. అలాంటివాడు కొద్దిరోజులుగా అన్నం కెలికి వదిలేస్తున్నాడు.

కారణం ఇదీ. రావణుడి కొలువు ఆడించి, దాన్ని ఫోన్‌లో తీయించి, నెట్‌లో పెట్టాడు. వందలమంది చూశారు. చాలా బాగుందన్నారు, చప్పట్ల బొమ్మలు పెట్టారు. దుబాయ్ నుంచి ఒకాయన, చిన్నప్పుడు మా తాత భుజాల మీద కూర్చుని చూసిన ఆట గుర్తొచ్చిందని రాశాడు. వాటన్నిటి అడుగున 'ఉన్నమాట' అనే పేరుతో ఎవరో ఇలా రాశాడు: "ఎడమ చెయ్యి చచ్చుపడింది. బొమ్మకా, ఆడించేవాడికా?"

అంతే, ఆ వందలమందీ మాయమైపోయి లవకుమార్‌కు ఈ ఒక్కడు మిగిలాడు. పళ్లు తోముకుంటూ ఫోన్ చూసేవాడు. మేకతోలు నానబెడుతూ చూసేవాడు. వాడు ఇంకేమైనా రాశాడేమోనని భయపడేవాడు, రాయకపోతే ఎందుకు రాయలేదా అని భయపడేవాడు. ఆ మాటకు ఎవరైనా లైక్ కొట్టారేమోనని గంటకోసారి వెతికేవాడు. చివరికి ఎవరో ఒకరు కొట్టారు. ఆ రోజు అతనికి ఒళ్లు వెచ్చబడింది.

తెర వెనక ఆడేవాళ్లకు ఒక కట్టడి ఉంది. బల్బుకూ తెరకూ మధ్య బొమ్మే ఉండాలి, మనిషి దూరకూడదు. దూరాడంటే వాడి నీడ కూడా కథలో పాత్ర అయిపోతుంది. ఈ సంగతి లవకుమార్‌కు మొదటిరోజే చెప్పారు. అయినా పక్క ఊళ్లో ఆట జరుగుతుండగా, హనుమంతుడు సీతమ్మకు ఉంగరం ఇచ్చే చోట, అతనికి బుద్ధి గడ్డి తింది. రావణుడికి అప్పుడు పని లేదు. అతను జేబులోంచి ఫోన్ తీశాడు. ఒకసారి ఫోన్ చూసుకుని, జనం మొహాలు ఎలా ఉన్నాయో తెర అంచున తొంగి చూద్దామని ముందుకు వంగాడు.

అశోకవనంలో సీతమ్మ పక్కన ఇంటంత తలకాయ లేచింది. కొక్కెంలా వంగిన ముక్కు, ఆ ముక్కు ముందర ఫోన్, ఫోన్ మీద పైకీ కిందికీ ఆడుతున్న బొటనవేలు. తల్లి పాపం ఏడుస్తుంటే ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నీడను కూడా ఎవరో వీడియో తీసి పెట్టారు. రావణుడి కొలువు కన్నా దాన్నే ఎక్కువమంది చూశారు.

మర్నాడు పొద్దున్నే లవకుమార్ గురువు ముందు కూర్చున్నాడు.

"అయ్యా, నేనింక రావణుణ్ని ఎత్తలేను. నాకు కోతుల గుంపు ఇయ్యండి. కోతుల్ని ఎవరూ అంతగా చూడరు."

రాణోజప్ప చెక్క మీద తోలు పరిచి, సీతమ్మ చీరకు ఉలితో పూలు కొడుతున్నాడు. తల ఎత్తలేదు.

"అమావాస్యకు చెర్లోపల్లెలో ఆట ఒప్పుకున్నాం గదరా."

"తెలుసయ్యా."

"ఈతూరి రావణుడు లేకపోతే డీజే పెట్టుకుంటామన్నారు."

"తెలుసయ్యా."

చెర్లోపల్లెవాళ్లు వానలు రాని ఏడు సుందరకాండ ఆడిస్తారు. ఆ సీమలో వానలు రాని ఏడు అంటే దాదాపు ప్రతి ఏడూ. ఆ మేళాన్ని తప్పకుండా పిలిచే ఊరు అదొక్కటే మిగిలింది. అక్కడా డీజే దిగితే బొమ్మలిక మూటలు దాటి రావు.

"డీజేకు వాన వస్తాదా?" అంది హార్మోనియం తుడుస్తున్న తిరుమలమ్మ. ఆమె గురువు భార్య. మేళంలో సీతమ్మ గొంతు, మండోదరి గొంతు, మండోదరి మొగుణ్ని తిట్టే గొంతు అన్నీ ఆమెవే.

"రాదు. మనకు వస్తాదని కూడా నేనెప్పుడూ చెప్పలేదు," అన్నాడు రాణోజప్ప. తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు. "ఆయప్ప ఎవురు? నీకు అన్నం దిగనీయనోడు."

లవకుమార్ ఫోన్ చూపించాడు. పేరు పక్కన గుండ్రంగా ఒక ఫొటో ఉంది. ఎర్రటి గులాబీ పువ్వు.

"పువ్వుండాదే. మనిషేడి?"

"మనిషి ఫొటో పెట్టలేదయ్యా."

"యా ఊరు?"

"తెల్దయ్యా."

"బొమ్మలాట ఎప్పుడన్నా చూసినాడా?"

"తెల్దు."

"ముక్కెట్లుంటాది? కోటేరు ముక్కా, చప్పిడి ముక్కా?"

"పువ్వుకు ముక్కెట్ల తెలుస్తాదయ్యా?"

రాణోజప్ప ఉలి కింద పెట్టేశాడు. బొమ్మలు చేసేవాళ్లకు ముక్కు తెలియని మనిషితో పెద్ద ఇబ్బంది. తోలుబొమ్మ పక్కకు తిరిగి నిలబడుతుంది. వచ్చినవాడు దేవుడో రాక్షసుడో జనం ముక్కును బట్టే పోల్చుకుంటారు.

ఆయన లేచి, మూలన ఉన్న తోళ్లలో మంచి ముక్క ఒకటి ఏరి శిష్యుడి ఒడిలో వేశాడు.

"ఆయప్పకు బొమ్మ చెయ్యి."

"యాలయ్యా?"

"ఆయప్ప మన మేళంలో చేరి వారమాయె. బొమ్మ లేకుండా యెట్ల ఆడతాడు?"

లవకుమార్‌కు ఏమీ అర్థం కాలేదు గానీ గురువు మాట కాదనలేక కూర్చున్నాడు. గులాబీ తల గీశాడు. కింద పంచె కట్టాడు, కాళ్లకు కిర్రుచెప్పులు తొడిగాడు. ఉన్న కసి అంతా తీసి ఒళ్లంతా ముళ్లు కొట్టాడు. పువ్వు మధ్యలో కన్ను పెట్టాడు. ముక్కు దగ్గరకొచ్చేసరికి కాస్త ఆగి, చేతికి ఎలా వస్తే అలా గీసేశాడు. ఎరుపు రంగు రెండుసార్లు పూశాడు. ఆ పనిలో పడి రెండు పూటలా అన్నం తిన్నాడు, తిన్నట్టు తనకే తెలియలేదు.

బొమ్మ ఆరాక, పగలే గది తలుపులు మూసి తెర కట్టారు. బల్బు వెలిగించారు.

"ఆయప్పకూ వేషముంది ఈపొద్దు," అన్నాడు రాణోజప్ప. "నీ కుడిచేత రావణుడు, ఎడమచేత పువ్వు. రావణుడు మాట్లాడినప్పుడల్లా ఆయప్ప తన మాట చెప్పాల. అడ్డం పడొద్దు, పాపం చెప్పుకోనీ."

గురువు తానే నేల మీద చతికిలబడి, ఎడమచేత్తో హనుమంతుణ్ని పట్టుకున్నాడు. తోకకు నిప్పు పెట్టే ఘట్టం. తిరుమలమ్మ శ్రుతి పట్టింది.

"ఎవడురా ఈ వానరుడు? నా లంకలో అడుగు పెట్టే ధైర్యం..." అన్నాడు రావణుడు.

"ఎడమ చెయ్యి చచ్చుపడింది," అంది గులాబీ.

"నా కొలువులో నిలబడి నాకే నీతులు..."

"ఎడమ చెయ్యి చచ్చుపడింది."

"పట్టండి, వాడి తోకకు..."

"బొమ్మకా, ఆడించేవాడికా?"

రావణుడు ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు. రెండు చేతుల బొమ్మను ఒంటిచేత్తో ఎంతసేపని ఆపుతారు? కుడివైపు పది చేతులూ ఊగుతున్నాయి. ఎడమవైపు పదీ వేలాడుతున్నాయి. లంకేశ్వరుడు సంతలో తప్పతాగి గోడకు ఆనుకున్నవాడిలా ఉన్నాడు.

నేల మీద నుంచి హనుమంతుడు అన్నాడు, "స్వామీ, నా తోకకు నిప్పెప్పుడు పెడతారు? ఉన్న ఇంకో భుజం కూడా పట్టేస్తాంది."

తిరుమలమ్మ హార్మోనియం మీద తల వాల్చి నవ్వుతోంది. లవకుమార్‌కు నవ్వు రాలేదు. చెమటలు పడుతున్నాయి.

"ఆయప్ప ఇంకేం చెప్పినాడు? అదే మాట ఎంతసేపు?" అన్నాడు రాణోజప్ప.

"అంతేనయ్యా. అదొక్కటే."

"ఎన్నితూర్లు చెప్పినాడు?"

లవకుమార్ ఎడమచేతిలోని పువ్వు వైపు చూశాడు.

"ఒకతూరే," అన్నాడు.

"ఓహో," అన్నాడు రాణోజప్ప. "సరే, రావణుణ్ని దించు. పువ్వును ముల్లుతో తెరకు గుచ్చి, అవతలికి పోయి చూడు. చేసినోడు చూసుకోవాల గదా."

బొమ్మను కదలకుండా నిలబెట్టాలంటే ఈతముల్లుతో తెరకు గుచ్చుతారు. లవకుమార్ గుచ్చి, తెర ముందుకు వెళ్లి జనం కూర్చునే చోట నిలబడ్డాడు. తిరుమలమ్మ కూడా వచ్చి కళ్లు చికిలించి చూసింది.

"ముళ్లు బాగా కొట్టినావబ్బీ. రంగు కూడా కుదిరింది," అంది. "ఆ ముక్కే... దాన్ని యాడో చూసినట్టుండాది. మొన్న అశోకవనంలో గదా?"

లవకుమార్ తెరకేసి చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యెత్తి తన ముక్కు తడుముకున్నాడు.

అమావాస్య నాడు చెర్లోపల్లెలో పొద్దుగూకగానే తెర లేచింది. సముద్రం దాటడం బాగా జరిగింది. సీతమ్మ దుఃఖానికి ముసలమ్మలు కొంగులు తడుపుకున్నారు. ఇక రావణుడి కొలువు. లవకుమార్ బొమ్మను ఎత్తిపట్టాడు. అప్పుడే తెర అవతల ముందు వరస కుర్రాళ్లు ఫోన్‌లు పైకెత్తారు. పల్చటి బట్టలోంచి ఆ లైట్లు తెల్లగా కనబడుతున్నాయి. ఏ లైటు వెనక ఎవడున్నాడో ఎవరికి తెలుసు?

అతను మొదటి మాట అందుకోలేదు. తిరుమలమ్మ శ్రుతి సాగదీసింది, ఇంకా సాగదీసింది. జనంలో ఎవరో తీరిగ్గా అన్నారు, "డీజేవానికి ఫోన్ చేయండప్పా."

రాణోజప్ప హనుమంతుణ్ని పట్టుకుని కూర్చున్నాడు. శిష్యుడి వైపు చూడలేదు. ఆ వయసులో ఆయన గుండె ఎలా కొట్టుకుందో ఆయనకే తెలియాలి.

లవకుమార్ రావణుణ్ని ముల్లుతో తెరకు గుచ్చాడు. పక్కనున్న మూట విప్పి, గులాబీ బొమ్మను బయటికి తీశాడు. దాన్ని ఆ రాత్రి ఆడించాలని ఎవరూ అనుకోలేదు. ఎందుకు వెంట తెచ్చాడో అతనికీ తెలియదు. దాన్ని కొలువు మధ్యలో నిలబెట్టి, సన్నగా ముక్కుతో పలికించాడు.

"ఎడమ చెయ్యి చచ్చుపడింది."

రామాయణంలో ఈ పువ్వెవరో ముసలివాళ్లకు కూడా తట్టలేదు.

"బొమ్మకా, ఆడించేవాడికా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వెనక వరసల దాకా పాకింది. లవకుమార్ పువ్వును కింద పెట్టి, ముల్లు పీకి, రావణుణ్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"ఎవడురా అది?" అన్నాడు రావణుడు. ఆ గొంతుకు కట్టేసిన ఎడ్లు లేచి నిలబడ్డాయి. "నిజమే చెప్పినావు. ముందరి ఎడమ చెయ్యి ఆడదు. మా తాతల నాటి నుంచీ ఆడదు. ఇంకా పంతొమ్మిదుండాయి. చూస్తావా?"

అడుగుల చప్పుడు కోసం కాలి కింద వేసుకున్న చెక్కలు దడదడలాడాయి. పది తలలు ఒక్కసారి ఊగి, పంతొమ్మిది చేతులు తెర నిండా లేచాయి. ఇరవయ్యోది మాత్రం ఎప్పటిలాగే దాని మానాన అది వేలాడుతోంది. ఊరు ఈలలు వేసింది.

నేల మీద నుంచి హనుమంతుడు అన్నాడు, "చూస్తిమి స్వామీ. అట్లనే నా తోక సంగతి కూడా చూడండి."

లంక బ్రహ్మాండంగా కాలింది. వాన మాత్రం రాలేదు. ఊరి పెద్దరెడ్డి రాణోజప్పకు శాలువా కప్పి, వచ్చే ఏడు కూడా మీరే రండి, ఆ పువ్వును తప్పకుండా తీసుకురండి అన్నాడు.

మర్నాడు ఇంటి దగ్గర బొమ్మలు సర్దుతున్నారు. రాముడి పక్షం ఒక మూట, రావణుడి పక్షం ఒక మూట. రెండూ ఎప్పుడూ కలపరు. కథ మధ్యలో వచ్చి నవ్వించి పోయే కేతిగాడికీ, బంగారక్కకూ చిన్న మూట వేరే ఉంటుంది.

లవకుమార్ ఫోన్ మోగింది. రాత్రి ఆటను చెర్లోపల్లె కుర్రాళ్లు పెట్టినట్టున్నారు. దాని కింద ఎర్రటి గులాబీ కనబడింది. అతను ఆగి, ఊపిరి పీల్చుకుని, పైకి చదివాడు.

"రావణుడు పర్వాలేదు. ఆ గులాబీ ఎవడో గానీ, ముక్కు మరీ వంకర."

తిరుమలమ్మ చేతిలో సీతమ్మను అలాగే పట్టుకుని, "ఆ పువ్వు తానేనని ఆయప్పకు తెల్లేదా?" అంది.

"తెల్లేదమ్మా."

"ముక్కు సంగతి మాత్రం ఉన్నమాటే చెప్పినాడు."

లవకుమార్ ముక్కు తడుముకుని పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ముళ్ల ఒంటి, కిర్రుచెప్పుల గులాబీ బొమ్మను చేతిలోకి తీసుకుని గురువు దగ్గరకు వెళ్లాడు.

"అయ్యా, ఈయప్పను యా మూటలో పెట్టేది? రాముడి దాంట్లోనా, రావణుడి దాంట్లోనా? లేకపోతే పాతబడిన బొమ్మల మాదిరి తీసకపోయి ఏట్లో కలిపేద్దునా?"

రాణోజప్ప మూటకు ముడి వేస్తూ అన్నాడు.

"కేతిగాని పక్కన పెట్టు. మనం పిలిచినప్పుడు వస్తాడు."