నూకాలు ఇంగ్లీషు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త కనకరత్నం. ఒక జమీందారు పట్నంలో కాఫీ రుచులకు ఇంగ్లీషు మాటలు నేర్చుకొచ్చాడు. అవి రానివాళ్లకు తన వంటింట్లో చోటు లేదన్నాడు. వంటమనిషి నూకాలు నిండు కొలువులో మూడు కప్పులు తెచ్చి పెట్టింది.

దొర మొదటిది చప్పరించి "ఫ్రూటీ!" అన్నాడు. రెండోది "స్మోకీ!" మూడోదానికి కళ్లు తేలేసి "చాక్లెటీ!" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పవే."

"సేమ్, సేమ్, సేమ్ దొరా."

"రుచైనా చూడకుండానా? నీకొచ్చింది ఆ ఒక్క ముక్కేనా?"

"ఒక్కటి చాలు దొరా. మూడూ ఒకే గిన్నెలోంచి పోశాను."

కొలువంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. దొరకూ నవ్వాగలేదు. నూకాలు వంటింట్లోనే ఉండిపోయింది.

పక్కూరి వీరాస్వామి దీన్ని టీ కథని చెప్పుకు తిరుగుతున్నాడు. అది కాఫీ! ఎవరైనా వాడికి గట్టిగా చెప్పండి.