నది లేని దేశంలో ఏడుపడగల పాము

ఏటికొప్పాకలో పరమేశు అనే బొమ్మల పనివాడు ఉండేవాడు. పనితనం గొప్పదే కానీ, తను చేసిన ప్రతి బొమ్మా నలుగురూ చూసి తీరాలన్న ఆత్రం అంతకంటే గొప్పది.

ఆదివారాలు వాడి పనిపాకలో మేం పాత్రలాట ఆడేవాళ్లం. పరమేశు కథ నడుపుతూ, దారిలో ఎదురయ్యే భూతాలను బొమ్మలుగా పెట్టేవాడు. మిగిలినవాళ్లం తలా ఒక పాత్ర అయిపోయి, ఏం చేస్తామో చెప్పేవాళ్లం. గెలుపోటములు పాచికలు తేల్చేవి. అందరిలోకీ ముసలివాణ్ణి నేనే అయినా, మహావీరుడి పాత్ర నాది. ఇంకెవరికి నప్పుతుంది చెప్పండి? నాటకాల్లో నేను రాక్షస వేషం కట్టి ఒక్క గర్జన గర్జిస్తే, వరాహ నదికి అవతల గేదెలు పలుపుతాళ్లు తెంపుకుని పరిగెత్తేవి! టీకొట్టు సింహాద్రిది దొంగ పాత్ర. బట్టలు కుట్టే కామేశ్వరి మాత్రం ఎప్పుడూ పడవ నడిపే మనిషే. వాళ్ల నాన్న పడవ నడిపేవాడు మరి.

ఒక ఆదివారం కామేశ్వరి తను గీసిన పటం ఒకటి తెచ్చి నేల మీద పరిచింది.

"ఇది మా నాన్న చెప్పిన దేశం అన్నయ్యా. నది మాయమైపోయిన దేశం. చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ రోజుకింత చెప్పేవాడు. నది తిరిగొచ్చిందో లేదో చెప్పకుండానే పోయాడు. మనం పూర్తి చేద్దామా?" అంది.

"నాకు వదిలెయ్యమ్మా!" అన్నాడు పరమేశు.

మరుసటి ఆదివారం వాడు బుట్టెడు బొమ్మలతో సిద్ధంగా ఉన్నాడు. లక్క రంగులు ధగధగలాడుతున్నాయి. ముందుగా ఏడుపడగల నీటిపామును పటం మీద నిలబెట్టాడు. పక్కనే నిప్పులు కక్కే మొసలి. దాని వెనక మంచుకొండల రాక్షసుడు.

సింహాద్రి పామును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటి బాబూ, గుక్కెడు నీళ్లు లేని దేశంలో ఇది ఎక్కడ ఈదుతాది? ఇసకలో పొర్లుతాదేటి?"

"అది మాయపాము" అన్నాడు పరమేశు.

"మరి ఈ మంచుకొండోడు? ఆ ఎండకి మన దాకా వచ్చేసరికి కరిగి చెంబుడు నీళ్లవుతాడు. కాస్త ఆగండి, తాగేద్దాం!"

నేను నవ్వాను. నేను నవ్వితే పాక కప్పు మీది తాటాకులు లేచి మళ్లీ సర్దుకున్నాయి. కామేశ్వరి మాత్రం నవ్వలేదు. మెల్లగా పటం చుట్టడం మొదలుపెట్టింది.

"ఇది మా నాన్న దేశంలా లేదన్నయ్యా, తీర్థం జాతరలో బొమ్మల కొట్టులా ఉంది. వద్దులే. ఇక్కడితో ఆపేద్దాం."

పరమేశు ముఖం చిన్నబోయింది. వారమంతా కూర్చుని చేసిన పాము అది. అయినా పటం అంచు పట్టుకుని ఆపాడు.

"ఒక్క మాట చెప్పమ్మా. ఆ దేశంలో జనం దేనికి భయపడేవారు?"

కామేశ్వరి పటం చుట్టడం ఆపింది. "గుమ్మంలోకి వచ్చి నీళ్లడిగే మనిషికి అన్నయ్యా. ఇస్తే తమకు మిగలవు. లేవంటే అబద్ధం."

పరమేశు బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా బుట్టలో పెట్టేశాడు. బీట వారిందని మూలన పడేసిన, బొమ్మలు చెక్కే అంకుడు కర్రముక్క ఒకటి తీసుకున్నాడు. దానికి రంగు లేదు, కళ్లు లేవు. దాన్ని పటం నడిమధ్య నిలబెట్టాడు.

"మిట్టమధ్యాహ్నం. మీ ముగ్గురికీ కలిపి మిగిలింది చెంబుడు నీళ్లు. ఎదురుగా వీడు నిలబడ్డాడు. ఒకప్పుడు నదికి కావలివాడు. కరువొస్తుందన్న భయంతో నదినంతా తనలోనే దాచేసుకున్నాడు. ఒళ్లంతా బీటలు వారింది కానీ దాహం తీరలేదు. కోరలు లేవు, కత్తి లేదు. 'నీళ్లున్నాయా?' అని అడుగుతున్నాడు."

నేను కత్తి దూశాను. ఆ కత్తితోనే అంతకుముందు ఒక కొండను అడ్డంగా కోసి ఇంకో కొండ నెత్తిన పెట్టిన వీరుణ్ణి నేను! అయినా చెయ్యి లేవలేదు. నీళ్లడిగేవాణ్ణి ఎవరు నరుకుతారు?

"లేవని సెప్పెయ్యమ్మా" అని గొణిగాడు సింహాద్రి.

కామేశ్వరి ఆ కర్రముక్కనే చూస్తోంది. "ఉన్నాయి. తాగు" అంది.

నేను పాచికలు అందుకోబోయాను. "దీనికి పాచికలక్కర్లేదు తాతా" అని పరమేశు వాటిని గుప్పిట్లో మూసేశాడు. "వాడు తాగాడు. దాచుకుంటే తీరని దాహం, ఒకరు చేతికిస్తే తీరింది. ఒంటి మీది బీటల్లోంచి ముందు చెమ్మ వచ్చింది. తర్వాత ధార. తర్వాత..." అంటూ పటం మీద ఎండిన గీత వెంట వేలు నడిపించాడు.

"నది!" అంది కామేశ్వరి.

"ఇక పడవ దింపమ్మా" అన్నాడు పరమేశు.

కామేశ్వరి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మా నాన్న ఇలాగే చెప్పేవాడేమో. నీకు దణ్ణం పెట్టాలన్నయ్యా."

"నాకెందుకమ్మా? దేశం ఇచ్చింది మీ నాన్న. నా బుట్ట మూయించింది నువ్వు. నేనే మీ ఇద్దరికీ పెట్టాలి" అన్నాడు వాడు.

ఆ కర్రముక్క ఇప్పుడు కామేశ్వరి కుట్టుమిషను మీద ఉంటుంది. లెక్కలేనంత మంది రాక్షసులను మట్టి కరిపించిన నేను కూడా, ఆ దారిన పోతే దానికో నమస్కారం పెట్టి మరీ పోతాను. ఏడుపడగల పాము సముద్రం ఉన్న కథ కోసం పరమేశు ఇంటి అటక మీద ఎదురుచూస్తోంది.

నీతి: మన దగ్గరున్నదంతా చూపించుకునే ముందు, ఆ చోటు ఏం కోరుతోందో అడిగి తెలుసుకోవాలి, తగినది ఒక్కటి పెడితే చాలు.